ఇరవై మూడు గ్రాముల పనిసంచి

నా పనిసంచి బరువు మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. పందొమ్మిదేళ్ళుగా అది నా కుడి భుజం మీదే ఊరూరూ తిరిగింది. నేను కుట్టు మిషన్లు బాగుచేస్తాను. వారంలో సగం రోజులు కరీంనగర్‌లో మా ఇంటి ముందు గదిలో, సగం రోజులు పల్లెల్లో. సర్కారు బడి పిల్లలకు మహిళా సంఘాల వాళ్ళు యూనిఫాంలు కుట్టే ఊర్లు పద్నాలుగు నా చేతి కింద ఉన్నాయి. అక్కడ మిషన్ ఆగితే ఫోన్ వస్తుంది. సంచి వేసుకుని బస్సెక్కుతాను.

ఈ వేసవిలో ఆ భుజం పట్టేసింది. తల దువ్వుకోవడానికి చెయ్యి లేవలేదు. ఎంత బరువు మోస్తావని డాక్టరు అడిగితే గ్రాములతో సహా చెప్పాను. ఆయన నవ్వి, తర్వాత నవ్వు ఆపి, "కిలో దాటొద్దమ్మా. ఎడమ భుజానికి మార్చుకుంట అంటవేమో, అది గూడ పట్టేస్తది" అన్నాడు.

ఆ మాట కుట్టు కేంద్రం చూసుకునే మేడంకు చెప్పాను. ఆమె మంచిదే కానీ ఆమె ఇబ్బంది ఆమెది. "సోమవారం లోపట చెప్పు సువార్తమ్మా. నువ్వు తిరుగలేకపోతే ఇంకొకలను చూసుకోవాలె. బడులు తెరిచే ముందు మిషన్లు ఆగితే అందరం పరేషాన్ అయితం" అన్నది.

అంటే నాకు గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులున్నాయి. మందమర్రిలో మా అక్కను చూడాల్సి ఉంది. జైనూర్ దగ్గర ఒక గూడెంలో మిషన్ సరిగ్గా కుట్టడం లేదని కబురొచ్చింది. ఆదిలాబాద్‌లో విడిభాగాలు కొనాలి. ఈ మూడు చోట్లకూ సంచి లేకుండా పోయి వద్దామనుకున్నాను. దాని బదులు తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న పనిముట్టు, మల్టీ టూల్ అంటున్నారే, అలాంటిది ఒకటి సరిపోతుందా అని చూడాలి. సరిపోతే పద్నాలుగు ఊర్లు నావి. సరిపోకపోతే ముందు గదిలో కూర్చోవాలి.

టవర్ సర్కిల్

బుధవారమే కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర పనిముట్ల దుకాణాలు మూడు తిరిగాను. నేను బడిలో చదివింది ఏడో తరగతి. భిన్నాలు నాకు బడిలో రాలేదు, కొలత టేపు మీద వచ్చాయి. ముప్పావు అంగుళంలోంచి మూడు ఎనిమిదోవంతులు తీసేస్తే ఎంత మిగులుతుందో జాకెట్టు మెడ తప్పుగా కత్తిరించిన రోజున తెలిసింది. అందుకే ఎవరైనా అంకె చెబితే లెక్కపెట్టి చూసుకునేదాకా నాకు నిమ్మళముండదు.

మూడో దుకాణంలో కుర్చీలోంచి లేవకుండానే దుకాణదారు ఒక ఎర్ర పిడిదాన్ని ముందుకు తోశాడు. నా బొటనవేలంత ఉంది.

"ఏడు పనులు జేస్తదమ్మా."

"ఏడా? లెక్కపెట్టి చూపెట్టు."

చాకు, కత్తెర, గోళ్ళ ఆకురాయి, దాని కొసకే స్క్రూడ్రైవర్ మొన, చిన్న పట్టకారు, పళ్ళపుల్ల. ఆరు దగ్గర అతని వేళ్ళు ఆగిపోయాయి.

"ఏడోది?"

"రింగు."

"రింగు గూడ పనేనా?"

"తాళంచెవి పట్టుకుంటలేదా అమ్మా? ఊకెనే వేలాడుతున్నదా?"

దాన్ని తీసుకున్నాను. రెండోది చిన్న కటింగ్ ప్లేయర్‌లా తెరుచుకునేది, పక్కన మూడు స్క్రూడ్రైవర్లు. దాని మీద నాలుగు సెంటీమీటర్ల స్కేలు కూడా చెక్కి ఉంది. నా టేపు పెట్టి చూస్తే నాలుగు సెంటీమీటర్లకు ఒక మిల్లీమీటరు తేడా. ఆ స్కేలుతో ముప్పై ఆరు అంగుళాల ఛాతి కొలిస్తే దాదాపు అంగుళం తప్పుతుంది. అది చెబితే, "దానితోని జాకెట్లు ఎవరు గొలుస్తరమ్మా!" అన్నాడు. చెక్కకుండా వదిలేసినా బాగుండేదని నాకనిపించింది. అయినా కొన్నాను.

మూడోది కొనలేదు. మా పక్కింటి వాళ్ళ అల్లుడు దుబాయి నుంచి తెచ్చింది, వాడకుండా ఉంటే అడిగి తీసుకున్నాను. చాకు, రెండు స్క్రూడ్రైవర్లు, కొసన చిన్న బ్యాటరీ లైటు. మిషన్ అడుగున, కింది దారం తిరిగే షటిల్ దగ్గర ఎప్పుడూ చీకటే కాబట్టి నా మొగ్గు దానివైపే ఉండింది.

కిరాణా కొట్టు కాంటా మీద మూడూ తూచాను. ఎర్రది ఇరవై మూడు గ్రాములు, ప్లేయర్‌ది యాభై ఎనిమిది, లైటుది నలభై ఒకటి.

సున్నా టికెట్

గురువారం పొద్దున బస్సులో కండక్టరు ఆధార్ చూసి టికెట్ ఇచ్చాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన దగ్గర నుంచి టికెట్ మీద సున్నా ఉంటుంది. నేను వాటిని పారేయను. ఇంట్లో ఒక డబ్బా నిండా సున్నాలున్నాయి.

నా పక్కన కూర్చున్నామె పెద్దపల్లి వైపు మనిషి, బిడ్డ సీమంతానికి పోతున్నది. ఒళ్ళో కొత్త సంచి, దాని జిప్పులో ఆమె చీర కొంగు ఇరుక్కుంది. లాగితే ఇంకా లోపలికి పోతున్నది.

"గుంజకు చెల్లె, చినుగుతది" అని ఎర్రది తీసి, పట్టకారుతో ఒక్కో పోగూ వెనక్కి తీశాను. పదకొండు నిమిషాలు పట్టింది. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"గదేందక్కా, ముక్కుపుడకల డబ్బీ లెక్క ఉన్నది?"

"పనిముట్టు. పొలం కాడ, ఇంటికాడ పనికొస్తది."

"మా ఆయనకు జూపెట్టకు. మూడు రోజులల్ల పోగొడ్తడు, మూడు నెలలు ఎతుకుతడు."

సంచిలోంచి మామిడికాయ తీసి ఇచ్చింది. చాకుతో కోశాను. ఆ చాకు మూడున్నర సెంటీమీటర్లే. టెంక దాకా తెగలేదు, చుట్టూ తిప్పి తిప్పి కోయాల్సి వచ్చింది. ఉప్పూ కారం ఆమె దగ్గరే ఉన్నాయి. నా కొలతల పుస్తకంలో రాసుకున్నాను: పట్టకారు ఒకటి, చాకు ఒకటి.

మందమర్రి

మా అక్క కరుణ ఇల్లు బొగ్గు గని కార్మికుల కాలనీలో ఉంది. క్వార్టర్లన్నీ ఒకే వరుస, ఒకే రంగు తలుపులు. ఎన్నిసార్లు వచ్చినా ఎడమవైపు నుంచి ఎనిమిదోది అని లెక్కపెట్టుకునే తలుపు కొడతాను. మా దగ్గర బట్టలు తిరగేసి ఆరేస్తే రంగు వెలవదని ఆరేస్తాం. అక్కడ బొగ్గు నుసి లోపలివైపు పడితే బయటికి కనబడదని ఆరేస్తారు. పని ఒకటే, కారణం వేరు.

అక్క సర్వపిండి చేసింది. గ్యాస్ పొయ్యి దగ్గర రెగ్యులేటర్ పైపు క్లిప్పు వదులైందని అంటుంటే నేను ఉత్సాహంగా చిన్న ప్లేయర్ తీశాను. రెండు వేళ్ళతో పట్టుకుని నొక్కితే క్లిప్పు కదలలేదు, నా భుజంలో మాత్రం సుర్రుమంది. అక్క కాసేపు చూసింది. మంచం కిందికి వంగి జానెడు పొడుగున్న ప్లేయర్ తీసి ఒక్క తిప్పు తిప్పింది.

"ఇంట్ల ఇంత పెద్ద ప్లేయర్ ఉండంగ గా పిల్లదానితోని ఏందే నీ తండ్లాట?"

"ఉన్నదని నాకేం తెలుసు?"

"ఎవలింట్ల లేదే ప్లేయర్? అడిగితె ఇయ్యరా?"

ఆ మాట అప్పుడు నాకు పట్టలేదు. పిండి వేడిగా ఉంది, తింటూ కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున ఒక పొరపాటు జరిగింది. అక్క నాకు ముందురోజు ఇంటి రెండో తాళంచెవి ఇచ్చింది. దాన్ని నేను లైటున్న పనిముట్టు రింగుకే తగిలించి తలుపు పక్కన మేకుకు వేలాడదీశాను. మా బావ చెవి కూడా ఆ మేకుకే ఉంటుంది. బావ గనిలో దిగి పనిచేస్తాడు. పొద్దుటి షిఫ్టుకు హడావిడిగా పోతూ నా రింగు జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి గడపలోనే మొదలుపెట్టాడు.

"ఏం మరదలా, ముసలితనంల నన్ను దొంగను జేస్తివి గదా!"

"ఏమైంది బావా?"

"ముప్పై ఏండ్ల నుంచి గనిల దిగుతున్న. నా జేబుల ఒక్కనాడు అగ్గిపుల్ల దొరకలే. ఇయ్యాల నీ దుబాయి దీపం దొరికింది. తనిఖీ జేసెటోడు అందరి ముందట పైకెత్తి చూపెడుతుండు. 'ఏం సారూ, లోపల ఎవలిదన్న బరాత్ ఉన్నదా, లైటు పట్టుకొచ్చినవ్?' అంటుండు."

గనిలో మండే గాలి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన దీపం తప్ప అగ్గిపెట్టె, ఫోను, మామూలు బ్యాటరీ లైటు ఏదీ లోపలికి పోకూడదు. వేరుశనగ గింజంత లైటైనా అంతే. దాన్ని గేటు దగ్గరే పెట్టుకుని, బావ పేరు రాసుకుని లోపలికి పంపి, షిఫ్టు అయ్యాక తిరిగి ఇచ్చారట. నాకు ముఖం చెల్లలేదు.

"మాఫ్ చెయ్యి బావా. నీ నౌకరీకి ఏమన్న అయితదా?"

"ఏం గాదు, ఫికర్ జెయ్యకు. అందరు నవ్వుకున్నరు, నేను నవ్విన." స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నాక మాత్రం బావ గొంతు మారింది. "నువ్వు మూడింటిల ఏది పట్టుకపోవాల్నని మూడు రోజుల సంది సోంచాయిస్తున్నవట గదా, మీ అక్క చెప్పింది. మాకు గట్ల ఎవరు నేర్పలే మరదలా. ఏం పట్టుకపోవద్దో నేర్పిండ్రు. అవన్ని తీసేసినంక ఏం మిగిల్తే అదే మాది."

పచ్చిపులుసు కలుపుకుంటూ ఆయన చాలా మామూలుగా అన్న మాట అది. నేను మటుకు ఆ రోజంతా మొయ్యాల్సిన వాటినే లెక్కపెడుతున్నాను.

మలుపులు

శనివారం తెల్లారగానే ఆసిఫాబాద్ పోయి జైనూర్ బస్సు పట్టుకున్నాను. కెరమెరి దాటాక ఘాట్ రోడ్డు. ఎండాకాలం కాబట్టి టేకు చెట్లకు ఆకుల్లేవు, కొండ ఎముకలు కనబడుతున్నట్టు ఉంది. మలుపులు లెక్కపెడదామనుకున్నాను. పదిహేడు దగ్గర పక్కనున్న ముసలాయన నా చేతిలో గుత్తి చూసి తాళాల దుకాణమా అని అడిగాడు. కాదని చెప్పేలోపు లెక్క తప్పింది. మళ్ళీ పోయినప్పుడు చూడాలి.

జైనూర్‌లో దిగి ఆటోలో నాలుగు కిలోమీటర్లు. గూడెంలో సోంబాయి నా కోసం రోడ్డు మీదికే వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి, గోండుల పిల్ల, అక్కడి కుట్టు సంఘాన్ని నడిపించేది ఆమే. "రాం రాం అక్కా" అని చెయ్యి పట్టుకుంది. మా దగ్గర ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమని చెప్పాక నీళ్ళ మాట. సోంబాయి ఇంట్లో నీళ్ళు తాగేదాకా ఎవరూ నాతో పని మాట ఎత్తలేదు. చెంబు ఖాళీ చేసి ఇచ్చాక అడిగింది.

"సంచి ఏది అక్కా?"

"ఇయ్యాల సంచి తేలే."

ఆమె నా భుజం వైపూ, చేతిలో గుత్తి వైపూ మార్చి మార్చి చూసింది.

వసారాలో మూడు మిషన్లు. రెండు నడుస్తున్నాయి. మూడో దాని మీద కుట్టిన గుడ్డ చూపించింది. కుట్టు పైన దారం చిన్న చిన్న ఉచ్చుల్లా లేస్తున్నది. కింది దారం వదులైందన్నమాట. కింది దారం చుట్టిన బాబిన్‌ను పట్టుకునే ఇనుప గిన్నె ఒకటుంటుంది, బాబిన్ కేస్ అంటాం. దాని పక్కన రేకు, రేకును నొక్కి పట్టే మర, అంటే స్క్రూ, ఒకటి. ఆవగింజకు కొంచెం పెద్ద. ఆ మరను పావు వంతు బిగిస్తే పని అయిపోతుంది.

బాబిన్ కేస్ తీసి చూశాను. మర నెత్తి మీద గాడి ఒకవైపు అరిగిపోయి ఉంది.

"నేనే అక్కా" అంది సోంబాయి. "కూరగాయల చాకు కొనతోని తిప్పిన. జారింది."

"ఎన్నిసార్లు?"

"నాలుగైదు సార్లు. కోపమొచ్చింది."

ఇంకో రెండుసార్లు జారితే గాడి మిగలదు. గాడి పోతే కేస్ మార్చాల్సిందే. కొత్త బాబిన్ కేసులు రెండు నా సంచిలో ఉన్నాయి. సంచి కరీంనగర్‌లో ఉంది. ఆదిలాబాద్ పోయి తేవాలంటే ఆ రోజూ మర్నాడూ పోతాయి.

ఇంకా ఎన్ని కుట్టాలని అడిగాను. నూట పది చొక్కాలు, ఐదు రోజులు. మిషన్‌కు రోజుకు ఎనిమిది. మూడు మిషన్లు నడిస్తే ఐదు రోజుల్లో నూట ఇరవై, గట్టెక్కుతారు. మూడోది రెండు రోజులు ఆగితే నూట నాలుగు. ఆరు చొక్కాలు తక్కువ. ఎవరో ఆరుగురు పిల్లలు బడి మొదటి రోజున పాత బట్టల్లో పోతారు. చేతికి మూడు పనిముట్లున్న నేను, ఆ లెక్క ముందు కూర్చుని, మొదటిసారి భయపడ్డాను.

నూరుడు రాయి

లైటుదాని స్క్రూడ్రైవర్లు రెండూ వెడల్పు, గాడి పక్క గోడలకు తగులుతున్నాయి. లైటు వేసి చూద్దామంటే సోంబాయి అప్పటికే ఫోన్ లైటు పట్టుకుని నిలబడింది. ప్లేయర్‌దాని మూడింటిలో సన్నది కూడా గాడికంటే వెడల్పే. ఎర్రదాని ఆకురాయి కొసనున్న మొన వెడల్పు సరిపోయింది. మందమే ఎక్కువ, గాడిలోకి దిగలేదు. ఎంత ఎక్కువో నా కొలత టేపుతో కొలవలేకపోయాను. అర మిల్లీమీటరు కంటే తక్కువే.

సోంబాయి అత్త వసారా మూల కూర్చుని ఇదంతా చూస్తున్నది. అరవై దాటి ఉంటాయి. తెలుగు తక్కువ మాట్లాడుతుంది, ఇంట్లో వాళ్ళ మాట గోండీ. లేచి వచ్చి నా చేతిలోంచి ఎర్రదాన్ని తీసుకుంది. మొన మీద బొటనవేలి గోరు ఆనించి అటూ ఇటూ రాసింది. తర్వాత గడప పక్కనున్న రాయి ముందు కూర్చుంది. కొడవళ్ళు నూరీ నూరీ నడుమ పల్లంగా అయిన రాయి అది. చెంబులో నీళ్ళు చల్లి రుద్దడం మొదలుపెట్టింది.

కొత్త వస్తువు. ఆపమనే ధైర్యం మాత్రం రాలేదు.

చెడిపోయిన గాడిలో పెట్టి చూడడం ప్రమాదం. నడుస్తున్న మిషన్ ఒకటి ఆపించి దాని బాబిన్ కేస్ తీసి పట్టుకున్నాను. రెండింటి గాడులూ ఒకే కొలత. ఇరవై రుద్దులకోసారి మొనను ఆ మంచి గాడిలో పెట్టి చూస్తున్నాను. ఇరవై, దిగలేదు. నలభై, దిగలేదు. అరవైకి అంచు తగిలింది. ఎనభైకి సగం దిగింది. తొంభై ఆరు దగ్గర ముసలామె ఆగి, గోరుతో చూసి, "సాలు" అంది.

"ఇంకొక పది అవ్వా. నూటా ఆరు."

"సాలు."

"పూర్తిగ దిగలేదవ్వా, నాకు తెలుస్తున్నది."

ఆమె నా మొహం చూసి ఎర్రదాన్ని నా చేతిలో పెట్టింది. నేనే రాయి ముందు కూర్చుని పది రుద్దాను. గాడిలో పెట్టి చూస్తే మొన సులువుగా దిగింది. దిగి, లోపల అటూ ఇటూ ఆడింది. పలచనైపోయింది. ఈ మొనతో ఆ అరిగిన గాడిని తిప్పితే తప్పకుండా జారుతుంది.

సోంబాయి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటున్నదో, ఏడుపో తెలియలేదు. "మా అత్తకు ఒంట్లు, లెక్కలు రావక్కా" అంది చివరికి మెల్లగా. "కొడవలి మాత్రం ఊరంత ఆమె తానికే తెస్తరు."

ముసలామె ఎర్రదాన్ని మళ్ళీ తీసుకుంది. ఈసారి పక్కలు రుద్దలేదు. మొనను రాయి మీద నిలువుగా నిలబెట్టి, నాలుగంటే నాలుగు సార్లు లాగింది. నాకు అప్పుడు తెలిసింది. మొన కొసకు పోనుపోను పలచన, వెనక్కి వచ్చే కొద్దీ మందం. కొస అరిగిపోతే వెనకనున్న మందం ముందుకొస్తుంది. పందొమ్మిదేళ్ళు స్క్రూడ్రైవర్ పట్టుకున్న నాకు ఆ ఆలోచన రాలేదు. గాడిలో పెట్టాను. దిగింది, కదల్లేదు.

ఇక అరిగిన మర వంతు. గాడిలో అరగని వైపు బలం పడేట్టు మొనను ఆనించి, ఎడమ చేత్తో కేస్‌ను బల్లకు నొక్కి, కుడి మణికట్టు మాత్రం తిప్పాను. ఎర్రదాని పిడి చిన్నది కాబట్టి భుజం కదలాల్సిన పని లేకపోయింది. పావు వంతులో సగం తిరిగింది. ఊపిరి తీసుకుని మిగతా సగం.

బాబిన్ పెట్టి, దారం కొస పట్టుకుని కేస్‌ను గాలిలో వేలాడదీశాను. బిగువు తక్కువైతే తనంతట తానే జారుతుంది. జారలేదు. చిన్నగా ఒక ఊపు ఊపితే రెండు అంగుళాలు దిగి ఆగింది. అంతే ఉండాలి.

సోంబాయి మిషన్ ఎక్కి పాత గుడ్డ మీద బారెడు కుట్టు వేసింది. ఉచ్చుల్లేవు. లేచి గుడ్డను తీసుకెళ్ళి అత్త ఒళ్ళో వేసింది. ముసలామె గుడ్డను చూడలేదు, నన్ను చూసి వేళ్ళు తెరిచి ముడిచి పది చూపించింది. వసారాలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం జొన్న గట్క, కంది పప్పు పెట్టారు. మా ఇంట్లో జొన్న అంటే రొట్టె. ఇక్కడ రవ్వగా పగలగొట్టి అన్నంలా ఉడికిస్తారు. రెండోసారి అడిగి వేయించుకున్నాను. తింటూ చుట్టూ చూస్తే వసారాలో చాలా కనబడ్డాయి. చూరులో దోపిన సుత్తి. సోంబాయి మొగుడి మోటార్ సైకిల్ పానాలు. మిషన్ నూనె డబ్బా. పెద్ద కత్తెరలు రెండు. పెద్ద స్క్రూడ్రైవర్ ఒకటి, పిడి విరిగినా పనిచేస్తుంది. ఎవలింట్ల లేదే ప్లేయర్ అన్న అక్క మాటా, తీసేసినంక మిగిలిందే మాది అన్న బావ మాటా అప్పుడు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

కొలతల పుస్తకం తీశాను. సంచి మూడు వేల నాలుగు వందలు. సుత్తి నాలుగు వందల యాభై, పానాలు ఐదు వందల ఇరవై, ప్లేయర్ రెండు వందల ఎనభై, నూనె డబ్బా మూడు వందల యాభై, కత్తెర రెండు వందల నలభై. ఇవి ప్రతి ఊర్లో ఉన్నవే. స్క్రూడ్రైవర్ల కట్ట ఆరు వందల పది. అందులో ఏ ఊర్లోనూ దొరకనిది ఆ ఒక్క సన్న మొన, అది ఇప్పుడు గుత్తికి ఉంది. అన్నీ తీసేస్తే విడిభాగాలు ఏడు వందలు, ఖాళీ సంచి రెండు వందల యాభై. సంచి బదులు అరవై గ్రాముల గుడ్డ సంచి. ఎర్రదానితో కలిపి ఏడు వందల ఎనభై మూడు.

ఇన్నేళ్ళూ నేను వాళ్ళ ఇళ్ళలో ఉన్నవాటిని వాళ్ళ ఇళ్ళకే మోసుకుపోయాను. మొయ్యాల్సిన బాబిన్ కేసులను మాత్రం ఈసారి ఇంట్లో పెట్టి వచ్చాను.

వచ్చేటప్పుడు ప్లేయర్‌ది సంఘానికి ఇచ్చాను. విరిగిన సూది ముక్కలు లాగడానికి అది బాగుంటుంది. దాని మీది స్కేలుతో ఏదీ కొలవొద్దని రెండుసార్లు చెప్పాను. లైటుది ముసలామె అడిగి తీసుకుంది. పక్కింటి వాళ్ళకు ఇంకా చెప్పలేదు.

ఆదిలాబాద్

సాయంత్రానికి ఉట్నూర్ మీదుగా ఆదిలాబాద్ చేరి, కుట్టు పని చేసే తెలిసినామె ఇంట్లో పడుకున్నాను. పత్తి సీజను అయిపోయి జిన్నింగు మిల్లుల ముందు లారీల్లేవు. ఆదివారం పొద్దున ఒక మరాఠీ మెస్సులో జొన్న రొట్టె, శనగపిండితో చేసే పిట్ల, పచ్చిమిర్చి దంచి చేసే ఠేచా తిన్నాను. మెస్సు ఆమె "అజూన్ ఏక్?" అంటూ అడక్కుండానే ఇంకో రొట్టె వేసింది. ఆ కారానికి నా లెక్కలన్నీ కాసేపు మరిచిపోయాను.

మిషన్ విడిభాగాల దుకాణంలో బాబిన్ కేసులు నాలుగు, సూదులు, బెల్టులు కొన్నాను. అక్కడ మరలు తూచే చిన్న కాంటా ఉంది. ఎర్రదాన్ని రింగు విప్పి దాని మీద పెట్టాను. ఇరవై మూడు. తీసి మళ్ళీ పెట్టాను. ఇరవై మూడే.

"ఏం బాయి, పాలు బోసి పెంచుతున్నవా, పెరిగిందా అని చూస్తున్నవ్?" అన్నాడు దుకాణదారు.

"తగ్గిందేమోనని చూస్తున్న. ఒకామె కొంచెం తీసేసింది."

"ఎంత?"

"నూట పది రుద్దులంత."

అతను కాంటా వైపూ నా వైపూ చూసి, పిచ్చిదనుకున్నాడో ఏమో, చాయ్ తెప్పించాడు.

బస్సెక్కాక మేడంకు ఫోన్ చేశాను. సోమవారం దాకా ఆగాల్సిన పని లేదు.

"తిరుగుత మేడం. పద్నాలుగు ఊర్లు నేనే చూసుకుంట."

"భుజం?"

"కిలోకు రెండు వందల పదిహేడు గ్రాములు తక్కువనే ఉన్నది."

"మరి సంచి ఎవలు మోస్తరు సువార్తమ్మా?"

"సంచి నేను రాకముందే పోయి ఉన్నది మేడం. చూరులల్ల, మంచాల కింద. పద్నాలుగు ఊర్లల్ల."

ఆమెకు అర్థమైనట్టు లేదు. వచ్చి చెప్తానని పెట్టేశాను. కండక్టరు సున్నా టికెట్ ఇచ్చాడు. దాన్ని మడిచి పెట్టుకోవడానికి అలవాటు కొద్దీ కుడి భుజం వైపు సంచి కోసం తడుముకున్నాను. సంచి లేదు. ఆ చెయ్యినే తల దువ్వుకున్నట్టు ఎత్తి చూశాను, కొంచెం లేచింది. నొప్పి ఉంది. చెవి దాకా వచ్చి ఆగింది.